పాత సర్వర్ నడుస్తూనే ఉంది, అయినా మార్చాలా? ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో పురుగుమందులు, ఎరువులు, విత్తనాల హోల్‌సేల్ వ్యాపారం. నాన్నగారు పెట్టిన పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్. హెడ్డాఫీసు, రెండు బ్రాంచీలు, అన్నీ కలిపి పాతిక కంప్యూటర్లు. బిల్లింగ్, స్టాకు, డీలర్ల ఖాతాలు, టాలీ, అన్నీ ఒకే సర్వర్ మీద ఉన్నాయి. 2014లో కొన్నాం. విండోస్ సర్వర్ 2012 ఆర్2, ఎస్‌క్యూఎల్ సర్వర్ 2012 (డేటాబేస్ నడిపే సాఫ్ట్‌వేర్). బిల్లింగ్ ప్రోగ్రామ్ గుంటూరులో ఒకాయన వీబీ6 (విజువల్ బేసిక్ 6) అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో రాసిచ్చారు. ఇప్పుడు ఫోన్ ఎత్తుతారు గానీ రావడం తక్కువ. బ్రాంచీల వాళ్లు రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా పనిచేస్తారు. మార్చడానికి ఇద్దరిని అడిగాను. ఒకరు శని, ఆదివారాల్లో మొత్తం క్లౌడ్‌కి ఎక్కించేస్తామన్నారు. ఇంకొకరు సెకండ్‌హ్యాండ్ సర్వర్‌లో విండోస్ సర్వర్ 2016 వేసి చవగ్గా ఇస్తామన్నారు. నాన్నగారేమో "నడుస్తున్నదాన్ని కెలక్కు" అంటున్నారు. మొన్న మాలాంటి షాపు ఒకటి రాన్సమ్‌వేర్‌తో (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వారం రోజులు మూతపడింది. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. సీజన్‌లో ఒక్క పూట బిల్లింగ్ ఆగినా డీలర్లు వేరే షాపుకి పోతారు. ఏం చేయమంటారు?
పాఠకుడు, పల్నాడు జిల్లా

సమాధానం: సీజన్‌లో బిల్లింగ్ ఆగితే ఎంత నష్టమో మీకన్నా నాన్నగారికే బాగా తెలుసు. ఆ భయం సరైనదే, దాన్ని తీసిపారేయకండి. కానీ ఆయన దృష్టికి రాని సంగతి ఒకటుంది. విండోస్ సర్వర్ 2012 ఆర్2కి మైక్రోసాఫ్ట్ మామూలు భద్రతా ప్యాచ్‌లు (లోపాలు సరిచేసే అప్‌డేట్లు) 2023 అక్టోబర్ 10తో ఆపేసింది. డబ్బు కట్టి కొనుక్కునే పొడిగింపుకి కూడా 2026 అక్టోబర్ 13 ఆఖరు. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2012 కథ అంతకన్నా ముందే ముగిసింది. దానికి మద్దతు 2022 జూలై 12న పోయింది, కొనుక్కునే పొడిగింపు కూడా 2025 జూలై 8తో అయిపోయింది. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. అప్పుడు మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి రెండు నెలల ముందే, మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది. వేసుకోనివాళ్లు పడ్డారు. మీ సర్వర్‌లో రేపు అలాంటి లోపం బయటపడితే వేసుకుందామన్నా ప్యాచ్ ఉండదు.

అయితే ఈ తేదీలు చెప్పి నాన్నగారిని ఒప్పించలేరు. ఆయన దగ్గర బాకీల సంగతి ఎత్తండి. మీ వ్యాపారంలో సరుకు ఉద్దర మీద పోతుంది, పంట చేతికొచ్చాక డబ్బు వస్తుంది. ఏ డీలర్ దగ్గర ఎంత రావాలి, ఏ బిల్లు మీద ఎంత కట్టాడు, ఎంత డిస్కౌంట్ ఒప్పుకున్నాం అనే పద్దు మొత్తం ఆ ఒక్క డబ్బాలోనే ఉంది. నాన్నగారి పక్కన కూర్చుని ఇవాళ్టి బాకీల జాబితా ప్రింట్ తీయండి. కింద ఉన్న మొత్తం చూపించి "ఈ సర్వర్ రేపు పొద్దున లేవకపోతే ఇందులో ఎంత రాబట్టగలం?" అని అడగండి. ఆయనే ఆలోచిస్తారు. నా అనుభవంలో ఇలాంటి కుటుంబ వ్యాపారాల్లో పెద్దవాళ్లు కొత్త టెక్నాలజీ అంటే ఒప్పుకోరు, పద్దు పోతుందంటే మాత్రం వెంటనే కదులుతారు.

మార్పిడి ఎప్పుడు చేసినా సరే, ఈ వారం చేసి తీరాల్సిన పని ఒకటుంది. బ్రాంచీలు రిమోట్ డెస్క్‌టాప్‌తో వస్తున్నాయన్నారు. రూటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టు ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టారేమో చూడండి. చాలా చోట్ల అలాగే ఉంటుంది. పోర్టు నంబర్ మార్చి "ఇక ఎవరికీ తెలియదు" అనుకునేవాళ్లూ ఉన్నారు, వెతికే ప్రోగ్రామ్‌లకి అది కూడా దొరుకుతుంది. రాన్సమ్‌వేర్ ముఠాలు లోపలికి రావడానికి ఎక్కువగా వాడే దారుల్లో ఇదొకటి. దాన్ని మూసేసి బ్రాంచీలకు వీపీఎన్ (మీవాళ్లు మాత్రమే వాడే రహస్య లైను) పెట్టించండి. ఎస్‌క్యూఎల్ వాడే 1433 పోర్టు కూడా బయటికి తెరిచి ఉండకూడదు. సర్వర్ మీద బ్రౌజర్ తెరవడం, మెయిల్ చూడడం ఆపేయండి. ఎప్పుడూ సర్వర్‌కే గుచ్చి ఉండే ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌ని బ్యాకప్ అనుకోకండి. వైరస్ సర్వర్‌ని తాళం వేసినప్పుడు దాన్నీ కలిపే వేస్తుంది. రెండు డిస్కులు కొని, ఒకటి తగిలించినప్పుడు రెండోది ఇంట్లో బీరువాలో ఉండేలా వారం వారం మార్చండి. ఇంకో మాట: దాడి జరిగితే 6 గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి తెలియజేయాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశం ఉంది. మీ ఆడిటర్‌గారితో, లాయర్‌తో ఆ విషయం ముందే మాట్లాడి పెట్టుకోండి.

ఇక మీకు వచ్చిన రెండు కొటేషన్లు. రెండోది సులభం, వద్దని చెప్పేయండి. విండోస్ సర్వర్ 2016కి మద్దతు 2027 జనవరి 12తో ముగుస్తుంది. ఇంత కష్టపడి మారి, మళ్లీ ఇదే ఉత్తరం రాయాల్సి వస్తుంది. విండోస్ సర్వర్ 2022కి 2031 అక్టోబర్ దాకా, 2025కి 2034 దాకా ప్యాచ్‌లు వస్తాయి. ఈ రెండింటిలో ఒకటి తీసుకోండి. సెకండ్‌హ్యాండ్ హార్డ్‌వేర్ మీద నాకు పట్టింపు లేదు, కొన్ని బాగానే నడుస్తాయి. కానీ పద్దు అంతా ఉండే సర్వర్‌కి వారంటీ, కొత్త డిస్కులు ఉండాలి.

క్లౌడ్ కొటేషన్ దగ్గర కాస్త ఆగాలి. క్లౌడ్ చెడ్డదని నేను అనను. హైదరాబాద్‌లోనే 2022 నవంబర్ నుంచి అమెజాన్ క్లౌడ్ కేంద్రం నడుస్తోంది, డేటా దేశం దాటుతుందన్న బెంగ అక్కర్లేదు. చిక్కు మీ ప్రోగ్రామ్‌తో వస్తుంది. ఆ రోజుల్లో రాసిన వీబీ6 ప్రోగ్రామ్‌లు డేటాబేస్‌తో చిన్న చిన్న ముక్కల్లో మాట్లాడతాయి. ఒక ఐటమ్ కొట్టగానే రేటు అడుగుతుంది, తర్వాత బ్యాచ్, తర్వాత ఎక్స్‌పైరీ, స్టాకు, జీఎస్‌టీ శాతం, డీలర్ పాత బాకీ. 15 ఐటమ్‌ల బిల్లు సేవ్ చేసేసరికి 400 సార్లు అటూ ఇటూ తిరిగిందనుకుందాం. ఆఫీసు నెట్‌వర్క్‌లో ఒక్కో రాకపోక అర మిల్లీసెకను, మొత్తం 0.2 సెకన్లు. ఎవరికీ తెలియదు. అదే డేటాబేస్ ఇంటర్నెట్ అవతల 20 మిల్లీసెకన్ల దూరంలో ఉంటే 8 సెకన్లు. జూలైలో కౌంటర్ ముందు పది మంది డీలర్లు నిలబడి ఉండగా ప్రతి బిల్లుకీ 8 సెకన్లు గడియారం గుర్తు తిరుగుతుంటే మీ బిల్లింగ్ అబ్బాయి మీదే కేకలు పడతాయి. నెట్ పోతే అసలు బిల్లే లేదు. డేటాబేస్‌తో పాటు ప్రోగ్రామ్‌ని కూడా క్లౌడ్‌లోనే నడిపి, అందరూ రిమోట్ డెస్క్‌టాప్‌తో వాడితే ఈ సమస్య చాలావరకు పోతుంది. కానీ అప్పుడు పాతిక మందికీ లైసెన్సులు, రెండు కంపెనీల ఇంటర్నెట్ లైన్లు లెక్కలోకి వస్తాయి. ఆ కొటేషన్ ఇచ్చినవాళ్లు మీ ప్రోగ్రామ్ ఎలా రాశారో అడిగారా? అడగకుండా "రెండు రోజుల పని" అన్నారంటే వాళ్లు మీ పనిని చూడనే లేదు.

నా సలహా: ఇప్పటికి సర్వర్ మీ ఆఫీసులోనే ఉండనివ్వండి, రోజూ బ్యాకప్ మాత్రం ఎన్‌క్రిప్ట్ చేసి క్లౌడ్‌కి పంపండి. ప్రోగ్రామ్‌ని వెబ్‌లోకి తిరగరాయించడం వేరే ప్రాజెక్టు. సర్వర్ మార్పిడీ, ప్రోగ్రామ్ మార్పిడీ ఒకేసారి పెట్టుకుంటే తేడా వచ్చినప్పుడు తప్పు ఎక్కడుందో పట్టుకోలేరు.

అసలు పని ఇప్పుడు వస్తుంది. కొత్త సర్వర్ కొనడం రెండు రోజుల పని. పాత సర్వర్ ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పకుండా ఏమేం చేస్తోందో తెలుసుకోవడానికి మాత్రం కనీసం ఒక నెల పడుతుంది, అదీ నెలాఖరు కలిసివచ్చే నెల అయి ఉండాలి. ఎందుకంటే కొన్ని పనులు నెలకోసారే జరుగుతాయి. మార్పిడులు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. డేటాబేస్ చక్కగా వచ్చేస్తుంది, దాని చుట్టూ అల్లుకున్నవి వెనకే ఉండిపోతాయి.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోనే ఏ కంప్యూటర్ నుంచి, ఏ ప్రోగ్రామ్, ఏ యూజర్ పేరుతో కనెక్ట్ అయిందో చూపించే వ్యూ ఒకటి ఉంటుంది. దాన్ని ఐదు నిమిషాలకోసారి చదివి ఒక టేబుల్‌లో రాసేలా చిన్న జాబ్ పెట్టించండి. నెల తర్వాత ఆ టేబుల్ తెరిచి చూస్తే మీకు తెలియని పేర్లు కనిపిస్తాయి. అకౌంట్స్‌లో ఒకరి ఎక్సెల్ షీటు నేరుగా డేటాబేస్ నుంచి లెక్కలు లాగుతుంటుంది. గోడౌన్ గేటు దగ్గర బయోమెట్రిక్ హాజరు మిషన్ ఈ సర్వర్‌కే రాస్తుంటుంది, అందులో పాత ఐపీ చిరునామా కొట్టి ఉంటుంది. రాత్రి 11 గంటలకి డీలర్లకి బాకీ ఎస్ఎంఎస్‌లు పంపే పని టాస్క్ షెడ్యూలర్‌లో ఉంటుంది. అది ఆగిపోతే ఎర్రర్ ఏమీ రాదు, వసూళ్లు తగ్గాయని రెండు నెలల తర్వాత నాన్నగారు గమనిస్తారు.

మనుషులనీ అడగండి. బిల్లింగ్ కౌంటర్‌లో, గోడౌన్‌లో, అకౌంట్స్‌లో ఒక్కో పూట కూర్చుని, పొద్దున తాళం తీసిన దగ్గర్నుంచి ఏ బటన్ నొక్కుతున్నారో రాసుకోండి. పాత గుమాస్తాగారు ఉంటే ఆయన దగ్గర ఎక్కువసేపు కూర్చోండి. ఏ రిపోర్టు ఎందుకు పుట్టిందో ఆయనకే తెలుస్తుంది.

మీలాంటి వ్యాపారాల్లో ప్రత్యేకంగా చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. డేటాబేస్ ఒకటేనా, ఏడాదికొకటా అని మొదట చూడండి. మన దగ్గర రాసిన ప్రోగ్రామ్‌లు చాలా వాటిలో ప్రతి ఏప్రిల్ 1కి కొత్త డేటాబేస్ తెరుస్తారు. తరలించేవాళ్లు ఈ ఏడాదిదీ, పోయినేడాదిదీ తెచ్చి సరిపెడతారు. జీఎస్‌టీ రికార్డులు ఆ సంవత్సరం వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు ఉంచాలి. కేసు ఏదైనా నడుస్తుంటే ఇంకా ఎక్కువ. కాబట్టి పాతవన్నీ తెప్పించండి. ఏడాదికొకటి ఉండటం వల్ల ఒక లాభం కూడా ఉండొచ్చు. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2022 ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ ఉచితం, దాని పరిమితి ఒక్కో డేటాబేస్‌కి 10 జీబీ. మీ ఏడాది డేటా రెండు మూడు జీబీ దాటకపోతే డబ్బు పెట్టకుండానే చట్టబద్ధంగా నడుస్తుంది. కాకపోతే ఎక్స్‌ప్రెస్ వాడుకునే ర్యామ్, ప్రాసెసర్ కూడా పరిమితమే, పాతిక మంది ఒకేసారి వాడితే ఎలా ఉందో రిహార్సల్‌లో చూసుకోవాలి. అందులో ఎస్‌క్యూఎల్ ఏజెంట్ ఉండదు కాబట్టి రాత్రిపూట జాబులు టాస్క్ షెడ్యూలర్‌కి మార్చుకోవాలి.

రెండోది తెలుగు. రైతులకిచ్చే రసీదుల మీద, గోడౌన్ చీటీల మీద తెలుగు అక్షరాలు వస్తున్నాయా? 2014 నాటి ప్రోగ్రామ్ అయితే అను ఫాంట్లలో ఉండే అవకాశం ఎక్కువ. అలాంటప్పుడు డేటాబేస్‌లో ఉన్నది నిజానికి తెలుగు కాదు, ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలిసిన గజిబిజి. ఆ ఫాంటు పడితేనే అది తెలుగుగా కనిపిస్తుంది. ఆ ఫాంట్లు కొత్త సర్వర్‌లో లేకపోతే రైతు పేరు ఉండాల్సిన చోట డాలర్లూ బ్రాకెట్లూ ప్రింటవుతాయి. డేటాని టెక్స్ట్ ఫైళ్లుగా తీసి మళ్లీ ఎక్కించే పద్ధతి జోలికి పోవద్దు, అందులో కొన్ని గుర్తులు మారిపోతే పేర్లు తిరిగి రావు. పాత డేటాబేస్‌ని బ్యాకప్ తీసి, కొత్తదానిలో రీస్టోర్ చేయడమే క్షేమం. కొత్త ఎస్‌క్యూఎల్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కొలేషన్ (అక్షరాలని పోల్చి వరసపెట్టే పద్ధతి) పాతదాంట్లో ఉన్నదే ఎంచుకోమని చెప్పండి. అది వేరేగా ఉంటే కొన్ని రిపోర్టులు మాత్రమే, అవీ నెలాఖరు రిపోర్టులే, ఎర్రర్ కొట్టి ఆగుతాయి.

మూడోది తేదీలు. దీని మీద కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఇది చప్పుడు చేయకుండా పద్దుని పాడుచేస్తుంది. కొత్త విండోస్ చాలాసార్లు అమెరికా సెట్టింగ్‌తో వస్తుంది. నెల ముందు, రోజు తర్వాత. జూన్ 5న బిల్లు వేసేవాడు మామూలుగా 05/06 అని కొడతాడు, వీబీ6 దాన్ని మే 6 అనుకుని రాసుకుంటుంది. 06/06న ఏ తేడా తెలియదు. 13/06 వచ్చేసరికి పదమూడో నెల లేదు కాబట్టి అదే తెలివిగా జూన్ 13 అని సరిగ్గా చదువుతుంది. అంటే నెలలో 13 నుంచి అన్నీ బాగుంటాయి, 1 నుంచి 12 దాకా వేసిన బిల్లులు వేరే నెలల్లోకి చెదిరిపోతాయి. నెల మధ్యలో టెస్ట్ చేసినవాళ్లు "అంతా ఓకే" అని వెళ్లిపోతారు. నేను చూసిన ఒక హోల్‌సేల్ షాపులో ఇది జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల రిటర్ను) దాఖలు చేసే రోజున బయటపడింది. ఆ నెల అమ్మకం సగానికి సగం కనపడలేదు. సర్వర్ మీదా, ప్రతి క్లయింట్ కంప్యూటర్ మీదా, రిమోట్ డెస్క్‌టాప్‌లోకి వచ్చే ప్రతి యూజర్‌కీ ఈ సెట్టింగ్ విడివిడిగా ఉంటుంది. ఒక్కొక్కటీ చూడాలి.

ఇంకా కొన్ని చిన్నవి, ఆఖరి రోజున పెద్దవైపోతాయి. టాలీ లైసెన్సు పాత మిషన్‌లో సరెండర్ చేశాకే కొత్తదాంట్లో యాక్టివేట్ చేయండి. ఏదైనా ప్రోగ్రామ్‌కి యూఎస్‌బీ డాంగిల్ (లైసెన్సు కోసం గుచ్చే చిన్న ముక్క) ఉంటే, కొత్త సర్వర్ మీద హైపర్-వీ వర్చువల్ మిషన్ (సర్వర్ లోపల నడిచే ఇంకో సర్వర్) పెట్టే ఆలోచన ముందే వాళ్లకి చెప్పండి, అందులో యూఎస్‌బీ నేరుగా అందదు. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌లో మీ బిల్లు కాగితం సైజుకి ఒక కస్టమ్ ఫారం సెట్ చేసి ఉంటుంది, అది రాసిపెట్టుకోకపోతే కొత్త చోట ప్రతి బిల్లూ రెండు కాగితాల మీదికి జారుతుంది. పాత రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సులు కొత్త విండోస్ సర్వర్‌కి చెల్లవు, కొత్తవి కొనాలి. కొటేషన్‌లో ఆ లైను ఉందో లేదో చూడండి, తరచూ ఉండదు. ప్రోగ్రామ్ డేటాబేస్‌తో మాట్లాడే పాత డ్రైవర్‌కి టీఎల్ఎస్ 1.2 (కనెక్షన్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) రాదు, కొత్త డ్రైవర్ వేసి కనెక్షన్ లైను మార్చాలి. ఈ-ఇన్‌వాయిస్‌కి మీ ఐపీ చిరునామా నమోదు చేసి ఉంటే, ఇంటర్నెట్ లైను మారే పక్షంలో కొత్తదాన్ని ముందే నమోదు చేయించాలి.

ఆ గుంటూరు ప్రోగ్రామర్‌గారి దగ్గరికి ఫోన్ కాకుండా మీరే స్వయంగా వెళ్లండి, వీలైతే నాన్నగారితో కలిసి. అడగాల్సినవి మూడు: సోర్స్ కోడ్, ప్రోగ్రామ్ నడవడానికి విడిగా ఇన్‌స్టాల్ చేయాల్సిన ఓసీఎక్స్ ఫైళ్ల జాబితా, మార్పిడి జరిగే రెండు రోజులు ఆయన మీ ఆఫీసులో కూర్చోవడం. న్యాయమైన ఫీజు మీరే ముందు చెప్పండి. ఇన్నేళ్లు మీ వ్యాపారాన్ని నడిపింది ఆయన రాసిన ప్రోగ్రామే, ఆ గౌరవం ఇస్తే చాలామంది వస్తారు. సోర్స్ కోడ్ ఎక్కడా లేదని తేలితే అది చెడు వార్తే, అయినా ఇప్పుడే తెలియడం మేలు. అప్పుడు సర్వర్ మార్పిడితో పాటు వచ్చే ఏడాదికి కొత్త ప్రోగ్రామ్ వెతుక్కోవడం కూడా మొదలుపెట్టాలి.

తర్వాత రిహార్సల్. దీనికి కొత్త సర్వర్ కొనాల్సిన పని కూడా లేదు. కొంచెం మంచి కంప్యూటర్ ఒకటి చాలు. విండోస్ సర్వర్ 180 రోజుల ట్రయల్ దొరుకుతుంది, ఎస్‌క్యూఎల్ సర్వర్ డెవలపర్ ఎడిషన్ టెస్టింగ్‌కి ఉచితం. ఒక మంగళవారం రాత్రి బ్యాకప్ తెచ్చి అందులో రీస్టోర్ చేయండి. 2012 బ్యాకప్ 2022లో నేరుగా రీస్టోర్ అవుతుంది. కానీ లాగిన్‌లు, రాత్రి జాబులు, వేరే సర్వర్లకి ఉన్న లింకులు డేటాబేస్ వెంట రావు, వాటిని విడిగా తేవాలి. "బ్యాకప్ రోజూ తీస్తున్నాం" అని ఇన్నాళ్లూ అనుకున్న బ్యాకప్ నిజంగా తెరుచుకుంటుందో లేదో కూడా ఇక్కడే తేలుతుంది. తెరుచుకోకపోతే మిగతా అన్ని పనులూ పక్కన పెట్టి ముందు అది బాగుచేయండి.

రీస్టోర్ అయ్యాక బుధవారం నాటి కాగితం బిల్లులన్నీ తీసుకుని, మీ బిల్లింగ్ అబ్బాయి చేతనే ఆ టెస్ట్ మిషన్‌లో మళ్లీ కొట్టించండి. రసీదులు, సరుకు వాపసులు, బ్రాంచీ బదిలీలు కూడా. అయ్యాక అసలు సర్వర్‌లో బుధవారం రాత్రి లెక్కతో పోల్చండి. రోజు అమ్మకం మొత్తం, ఎరువుల మీద 5 శాతం, పురుగుమందుల మీద 18 శాతం పన్ను విడివిడిగా, ఎక్కువ నడిచే ఐటమ్‌ల బ్యాచ్‌వారీ స్టాకు, పెద్ద డీలర్ల బాకీలు పైసాతో సహా కలవాలి. కొన్ని నెలల పాటు రెండు సర్వర్లలోనూ బిల్లులు కొట్టమని కొందరు సలహా ఇస్తారు, నేను ఇవ్వను. స్టాఫ్ విసిగిపోయి రెండోదాంట్లో అరకొరగా కొడతారు, ఆ లెక్కలు ఎప్పటికీ కలవవు. ఒక్క రోజు సంపూర్ణంగా కలిస్తే చాలు. ఆ రోజు నెలలో 12వ తేదీ లోపుది అయి ఉండాలి, ఎందుకో పైన చెప్పాను. మొదటిసారి కలవదు. ఎందుకు కలవలేదో దొరికే దాకా మళ్లీ చేయండి.

ఇక ఎప్పుడు మార్చాలి? జూన్ నుంచి మీకు ఊపిరాడదు, మిర్చి, పత్తి మందులు అయ్యేసరికి శీతాకాలం వస్తుంది. మార్చి నెలాఖరు లెక్కల ముగింపు. జీఎస్‌టీఆర్-1కి 11వ తేదీ, 3బీ (పన్ను కట్టే రిటర్ను)కి 20వ తేదీ గడువులు. ఇవన్నీ తీసేస్తే ఏప్రిల్ 20 తర్వాత వచ్చే ఆఖరి వారం మీకు సరిపోతుంది. అప్పటికి రిహార్సల్ లెక్క కలవకపోతే ఏప్రిల్ వదిలేసి మే 20 తర్వాతి వారానికి జరపండి. విత్తనాల అమ్మకం మొదలయ్యేలోగా ముగించాలి కాబట్టి అంతకు మించి జాప్యం వద్దు.

మార్చే రోజు ఇలా నడపండి. శనివారం సాయంత్రం ఆఖరి బిల్లు అయ్యాక పాత సర్వర్‌లోకి ఎవరూ రాకుండా ఆపేసి, డేటాబేస్ చెక్ చేయించి ఫుల్ బ్యాకప్ తీయండి. బాకీల జాబితా, స్టాకు జాబితా పాత సర్వర్ నుంచే కాగితం మీద ప్రింట్ తీసి నాన్నగారి చేతికివ్వండి. కొత్తదాంట్లో రీస్టోర్ చేశాక సర్వర్ పాత పేరూ, పాత ఐపీ కొత్తదానికే ఇచ్చేస్తే పాతిక కంప్యూటర్లూ ఒక్కొక్కటీ తిప్పే పని తప్పుతుంది. పాతదాని నెట్‌వర్క్ వైరు పీకాకే ఆ పని చేయాలి. ఆదివారం పొద్దున మీవాళ్లు ముగ్గురు నలుగురు వచ్చి నిజం బిల్లులే డమ్మీ పార్టీ పేరు మీద కొట్టి, ప్రింట్ తీసి చూస్తారు. ఆ కాగితం మీద జాబితాతో కొత్త సర్వర్ లెక్కని నాన్నగారే పోల్చి చూడనివ్వండి. అన్నీ సరిపోయాక డమ్మీ బిల్లులు పోయేలా శనివారం బ్యాకప్‌ని మళ్లీ ఒకసారి రీస్టోర్ చేస్తే శుభ్రంగా ఉంటుంది.

వెనక్కి వెళ్లే గడువు ముందే రాసిపెట్టుకోండి. ఆదివారం సాయంత్రం 4 గంటలు అనుకుందాం. అప్పటికి లెక్క కలవకపోయినా, బ్రాంచీ నుంచి బిల్లు రాకపోయినా, ఇంకో గంటలో అయిపోతుందని ఎవరు ఎంత బతిమాలినా, వైర్లు పాత సర్వర్‌కి పెట్టేసి సోమవారం దాని మీదే షాపు తెరవండి. అందులో అవమానం ఏమీ లేదు, ఇంకో వారం చేసుకోవచ్చు. ఇంత కచ్చితంగా ఎందుకంటున్నానంటే, కొత్త ఎస్‌క్యూఎల్‌లో తీసిన బ్యాకప్ పాత వెర్షన్‌లో రీస్టోర్ అవదు. సోమవారం కొత్తదాంట్లో వంద బిల్లులు పడ్డాక తిరిగి వెళ్లాలంటే ఆ వందా చేత్తో మళ్లీ కొట్టాల్సిందే. నాన్నగారికి ఈ గడువు సంగతి ముందే చెప్పండి. వెనక్కి వచ్చే దారి ఉందని తెలిస్తే ఆయన భయం చాలావరకు పోతుందని నా నమ్మకం. వీలైతే ఆ 4 గంటల నిర్ణయం ఆయనకే వదిలేయండి.

సోమవారం ఏదో ఒకటి పనిచేయదు, కంగారు పడకండి. ప్రోగ్రామర్‌గారు, హార్డ్‌వేర్ వాళ్లు ఆ రోజంతా మీ ఆఫీసులోనే ఉండాలి. కార్బన్ బిల్లు పుస్తకాలు ఒక కట్ట కౌంటర్‌లో సిద్ధంగా పెట్టండి. ఈ-ఇన్‌వాయిస్ అవసరమైన బిల్లులు ఏవో, చేత్తో రాసి ఇవ్వగలిగినవి ఏవో ఆడిటర్‌గారిని ముందే అడిగి కౌంటర్ వాళ్లకి చెప్పి ఉంచండి. మే 11న, 20న రిటర్న్‌లు దాఖలు చేసేటప్పుడు లెక్కలు మామూలు కన్నా జాగ్రత్తగా చూడమని అకౌంట్స్ వాళ్లకి చెప్పండి.

పాత సర్వర్‌ని ఆక్రీకి వేయకండి. నెట్‌వర్క్‌కి తగిలించకుండా పక్కన పెట్టి, డిస్క్2వీహెచ్‌డీ లాంటి ఉచిత టూల్‌తో దాన్ని మొత్తంగా ఒక వర్చువల్ డిస్కుగా మార్చి రెండు చోట్ల దాచండి. ఆ మిషన్ కాలిపోయినా, అందులో ఎక్కడో మూల ఉన్న ఫోల్డర్ రెండేళ్ల తర్వాత కావాల్సి వస్తే తెరుచుకోవచ్చు. ఇక అమ్మేసేటప్పుడు డిస్కులు తీసి మీ దగ్గరే ఉంచుకోండి.

కొటేషన్లు మళ్లీ అడిగేటప్పుడు ఇద్దరికీ ఒకే కాగితం ఇవ్వండి: మీరు నెల రోజుల్లో రాసుకున్న జాబితా, రిహార్సల్‌లో ఏ లెక్కలు కలవాలో, వెనక్కి వెళ్లే గడువు, సోమవారం మనిషి ఉండాలన్న షరతు. సగం డబ్బు రిహార్సల్ లెక్క కలిశాక, మిగతా సగం మే 20 రిటర్న్ దాఖలయ్యాక ఇస్తామని రాయండి. మార్పిడి మేలోకి జరిగితే ఈ చివరి తేదీ కూడా ఒక నెల వెనక్కి, అంటే జూన్ 20కి జరపండి. మొదటి కొటేషన్ వాళ్లు దీనికి ఒప్పుకుంటే వాళ్లతోనే చేయించుకోవచ్చు. ఇద్దరూ ఒప్పుకోకపోతే మూడో మనిషిని వెతకండి, మీకు ఏప్రిల్ దాకా టైముంది.